ఫిప్సోయా దీవికి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరపు కొసన, 80 డిగ్రీల అక్షాంశం దాటాక, సెవెన్ ఐలాండ్స్ అని చిన్న దీవుల గుంపు ఉంది. అందులో పెద్దది ఫిప్సోయా. మనుషులు ఉండరు. రాళ్ల గుట్టలు, సముద్రం ఈడ్చుకొచ్చిన సైబీరియా దుంగలు, పక్షులు, వాల్రస్‌లు (పొడవాటి కోరలుండే భారీ సముద్ర జంతువులు), వాటిని వెతుక్కుంటూ వచ్చే పోలార్ బేర్లు. ఎండాకాలంలో సముద్రపు మంచు వెనక్కి తగ్గితే చిన్న ఓడలు అక్కడిదాకా వెళ్తాయి.

అందరూ బేర్ గురించే టెన్షన్ పడతారు. నేనైతే ముందు వీసా చూసుకోమంటాను. స్వాల్‌బార్డ్ నార్వేదే కానీ షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) పరిధిలో లేదు. నార్వే రాజధాని ఓస్లోలో స్వాల్‌బార్డ్ విమానం ఎక్కారంటే షెంజెన్ దాటినట్టే. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి ఓస్లోలో దిగడానికి దారి ఉండదు. డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ తీసుకోండి.

బుక్ చేసేముందే ఇంకో మాట అడగాలి: దీవి మీద దింపుతారా, ఓడలోంచే చూపిస్తారా? 2025 జనవరి నుంచి స్వాల్‌బార్డ్ రక్షిత ప్రాంతాల్లో 43 చోట్ల మాత్రమే పర్యాటకులు ఒడ్డున దిగొచ్చు. ఓడలో 200 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. ఆ దారిలోనే ఉన్న మోఫెన్ దీవి చుట్టూ మే 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 300 మీటర్ల లోపలికి ఎవరినీ రానివ్వరు, అక్కడ వాల్రస్‌లు విశ్రాంతి తీసుకుంటాయి కాబట్టి. దిగడం కుదరకపోవచ్చని ముందే మనసుకు చెప్పుకుని వెళ్లండి. పొగమంచు పట్టినా, గాలి లేచినా, దూరాన బేర్ కనిపించినా గైడ్ ల్యాండింగ్ రద్దు చేస్తాడు. "లక్షలు పోసి వచ్చాం, ఒక్క పది నిమిషాలు" అని అతని మీద పడొద్దు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఆ బతిమాలడమే.

2018 జులైలో ఇదే ఫిప్సోయాలో పర్యాటకుల కన్నా ముందు దిగి చోటు చూసి రావడానికి వెళ్లిన గార్డుల్లో ఒకరి మీద బేర్ దాడి చేసింది. అతను గాయాలతో బయటపడ్డాడు. బేర్‌ను కాల్చి చంపాల్సి వచ్చింది. వాళ్లు తుపాకులతో, అనుభవంతో వెళ్లినవాళ్లు. ఫొటోల్లో చూసినంత తెల్లగా కూడా ఉండదది. లేత పసుపు ఒళ్లు, దుంగల మధ్య పడుకుంటే దుంగలాగే కనిపిస్తుంది. అందుకే గైడ్‌ను దాటి ముందుకు పోవడం, ఫొటో కోసం గుంపులోంచి పక్కకు జరగడం వద్దు. బేర్ కనిపిస్తే పరుగెత్తకుండా, అందరూ ఒకచోట చేరి, గైడ్ చెప్పిన దిక్కుగా పడవ వైపు కదలాలి. చట్టం ప్రకారం కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి. మార్చి 1 నుంచి జూన్ 30 వరకు 500 మీటర్లు.

ఇక చలి. థర్మామీటర్ 2 డిగ్రీలు చూపిస్తుంటే ఇంతేనా అనిపిస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది మైనస్ 4 లాగా ఉంటుంది, పైగా రబ్బరు పడవలో కూర్చుంటే నీళ్లు మీద చిమ్ముతూనే ఉంటాయి. జీన్స్, కాటన్ బనియన్ ఓడలోనే వదిలేయండి, తడిస్తే ఆరవు. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా థర్మల్స్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కితే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. బిగుసుకుపోయి రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. చేతికి పల్చటి గ్లవ్స్, వాటి మీద మందపాటివి వేసుకుంటే కెమెరా నొక్కేటప్పుడు పైవి మాత్రం తీయొచ్చు. బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి.

పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోన్ జేబులోకి, బ్యాగ్ వీపుకి. సిబ్బంది అరచేయి కాదు, మీ ముంజేయి పట్టుకుంటారు. మీరూ వాళ్ల ముంజేతినే పట్టుకోండి, తడిసిన గ్లవ్స్ జారినా పట్టు తప్పదు. ఖర్మకాలి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఈదాలని చూడొద్దు. చల్లటి నీటి దెబ్బకు ఊపిరి ఎగబీలుస్తుంది, నీళ్లు మింగేస్తారు. లైఫ్ జాకెట్ మీద తేలుతూ శ్వాస కుదుటపడే వరకు ఆగాలి. ఆ తర్వాత చేతులు మాట వినేది సుమారు పది నిమిషాలే.

కాలు విరిగితే? మొబైల్ సిగ్నల్ లేదు. హెలికాప్టర్ దాదాపు 300 కిలోమీటర్ల అవతలి లాంగ్‌యియర్‌బ్యేన్ (స్వాల్‌బార్డ్‌లోని ప్రధాన ఊరు) నుంచి రావాలి, అదీ వాతావరణం అనుకూలిస్తే. అక్కడిదీ చిన్న ఆసుపత్రే. పెద్ద కేసులను నార్వేలోని ట్రోమ్సోకు పంపుతారు. కాబట్టి ఇన్సూరెన్స్‌లో సెర్చ్ అండ్ రెస్క్యూ ఖర్చు ఉందో లేదో చూసుకోండి. బీపీ, షుగర్ మందులు రోజులు లెక్కపెట్టి కాకుండా ఓ వారానికి ఎక్కువే పెట్టుకోండి.

దీవి మీద ఏదీ ఏరుకోవద్దు. 1946కు ముందు మనుషులు వదిలిన వస్తువులన్నీ, తుప్పు పట్టిన మేకుతో సహా, చట్టం కింద రక్షితమే. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. వెళ్లేముందు బూట్ల అడుగు, జాకెట్ వెల్క్రోలో ఇరుక్కున్న గింజలు బ్రష్‌తో దులపాలి, బయటి మొక్కలు అక్కడికి చేరకూడదు కదా. ఆర్కిటిక్ టెర్న్ పక్షులు నెత్తి మీదకు దూకుతున్నాయంటే గూడు దగ్గరికొచ్చారని అర్థం. చెయ్యో కర్రో తలకన్నా ఎత్తుగా పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి రండి, గుడ్లు నేల మీదే ఉంటాయి.

చచ్చిన పక్షిని, జంతువును ముట్టుకోవద్దు. 2023లో స్వాల్‌బార్డ్‌లో చనిపోయిన ఒక వాల్రస్‌లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అక్కడి నక్కల్లో రేబిస్ కూడా ఉంది. ముద్దుగా దగ్గరికొచ్చినా చెయ్యి చాపొద్దు. కరిస్తే, గీరితే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఓడ డాక్టర్‌కు చూపించాలి.