కొత్త పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో జీతాలు తేడా వస్తున్నాయా? ఎన్ని రోజులతో భాగిస్తున్నారో ముందు చూడండి

సమస్య: జూన్ జీతాలు పాత ఎక్సెల్‌లోనూ, కొత్త సాఫ్ట్‌వేర్‌లోనూ వేసి చూశారు. రూపాయి తేడా లేదు. ధైర్యంగా జూలై నుంచి ఎక్సెల్ ఆపేశారు. స్లిప్పులు అందిన రోజే ఒకరిద్దరు హెచ్‌ఆర్ గది ముందు నిలబడ్డారు, "నాకు తక్కువ పడింది" అని. మిగతా అందరికీ సరిగ్గానే ఉంది.

ఇలాంటప్పుడు అందరూ మొదట పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సెట్టింగులు తెరుస్తారు. దయచేసి ఆగండి. తక్కువ పడిన మనిషి ఎప్పుడు చేరాడో, ఆ నెలలో ఎన్ని ఎల్‌ఓపీలు (రానందుకు జీతం కోసే రోజులు) ఉన్నాయో చూడండి. ఒక్క స్లిప్పు తీసుకుని, ఇన్నాళ్లూ జీతాలు వేసినవారి పక్కన కూర్చుని, కాగితం మీద పెన్నుతో లెక్క కట్టండి. ఇరవై నిమిషాల పని. దీన్ని వదిలేసి రోజుల తరబడి సాఫ్ట్‌వేర్ అమ్మిన వెండార్‌తో కాల్స్‌లో ఉండేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

నేనూ ఒకసారి అలాగే దెబ్బతిన్నాను. విశాఖ ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్. నాలుగు రోజులు సెట్టింగులన్నీ తిరగేశాను. చివరికి అక్కడ ఎప్పటి నుంచో జీతాలు చూస్తున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి, "ఈ నెల మధ్యలో చేరినతనికి మీరైతే ఎలా వేస్తారండీ?" అని అడిగాను. ఆయన కాగితం మీద 18,000 వేసి, 30తో భాగించి, 600 అని రాశారు. "నెలలో ఎన్ని రోజులున్నా మనకి ముప్పయ్యే బాబూ. కొత్తగా చేరినోళ్లకి వచ్చినన్ని రోజులు ఇస్తాం. పాతోళ్లకి రానన్ని రోజులు కోస్తాం" అన్నారు.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ నెలలో ఉన్న రోజులతో భాగిస్తోంది. జూన్‌కి 30 రోజులే కాబట్టి రెండు లెక్కలూ ఒకటే అయ్యాయి, లోపం బయటపడలేదు. జూలైకి 31. అదే 18,000 జీతానికి రోజుకి 580.65 అయింది. 16వ తేదీన చేరినతనికి పాత లెక్కలో 16 రోజులకి 9,600 రావాలి, కొత్త దాంట్లో 9,290.32 వచ్చింది. దాదాపు 310 రూపాయలు తక్కువ. ఎల్‌ఓపీ పడినవాళ్లకేమో 600 పోవాల్సిన చోట 580.65 మాత్రమే పోయింది, అంటే రోజుకి 19 రూపాయల చిల్లర ఎక్కువే ముట్టింది. ఎక్కువ వచ్చినవాళ్లు వచ్చి అడగరు కదా.

అసలు మోసం ఇక్కడే ఉంది. ఇదే జీతం ఉన్నవాళ్లందరి ఎల్‌ఓపీలూ కలిపి 16 రోజులైతే, అటు ఎక్కువా ఇటు తక్కువా ఒకదానికొకటి సరిపోయి మొత్తం తేడా సున్నా అవుతుంది. ఎక్సెల్ కింద టోటల్, సాఫ్ట్‌వేర్ కింద టోటల్ పోల్చి "మ్యాచ్ అయింది" అని సంతకం పెట్టేసే పద్ధతి అందుకే పనికిరాదు. మనిషి మనిషికీ పోల్చాలి.

ఆ పెద్దాయన చెప్పిన రూలు అపాయింట్‌మెంట్ లెటర్‌లో లేదు, పాలసీలో లేదు, వెండార్‌కి మేం నింపి ఇచ్చిన ఫారంలోనూ లేదు. అందుకే వెండార్ రాకముందే ఒక పేజీ రాసుకోండి. జీతాన్ని ఎన్ని రోజులతో భాగిస్తాం? నెల మధ్యలో చేరినా, మానేసినా ఎలా కడతాం? రెండు ఎల్‌ఓపీల మధ్య వచ్చిన ఆదివారం కూడా కోస్తామా? హాజరు 21 నుంచి 20 వరకా, 1 నుంచి నెలాఖరు వరకా? ఈ చివరి రెండు ప్రశ్నలనూ తేలిగ్గా తీసుకోకండి. 21 నుంచి 20 అయితే జూలై జీతానికి లెక్కకొచ్చే రోజులు 30, క్యాలెండర్‌లో మాత్రం 31. ఏది తీసుకోవాలో మీరు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ దానికి తోచింది తీసుకుంటుంది.

నన్నడిగితే నెలజీతం వాళ్లకి ఆ నెల రోజులతో భాగించడమే మేలు. వచ్చిన రోజులకి ఇచ్చినా, రాని రోజులకి కోసినా ఒకే జవాబు వస్తుంది. 30 పట్టుకుంటే అలా రాదు. 28 రోజుల ఫిబ్రవరిలో 15న చేరినతనికి 14 రోజుల జీతం ఇస్తే 8,400. రాని 14 రోజులు కోస్తే 9,600. ఒకే మనిషి, ఒకే నెల, 1,200 తేడా. ఆదివారాలు పోను 26 రోజులతో భాగించే రోజుకూలీ లెక్క ఉన్నవాళ్లను మాత్రం కదపకండి, వాళ్లను వేరే గ్రూపుగా పెట్టండి. యూనియన్‌తో ఒప్పందం ఉంటే వాళ్లతో మాట్లాడకుండా పాత పద్ధతి మార్చొద్దు. అది కార్మికుడి చేతికొచ్చే డబ్బు.

పరీక్షకి జూలై వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అయిపోయిన ఫిబ్రవరి, ఒక 31 రోజుల నెల పాత డేటా ఎక్కించి నడపండి.

సమస్య: పరవాడ, అచ్యుతాపురం వైపు యూనిట్లలో రాత్రి షిఫ్టు వాళ్లకే ఆబ్సెంట్ పడుతోంది. రాత్రి 10కి పంచ్ పెట్టి తెల్లవారి 6కి బయటికి పెడతారు. అర్ధరాత్రి దగ్గర రోజు తెగిపోతే రెండు తేదీల్లోనూ ఒక్కో పంచే కనిపిస్తుంది. షిఫ్టు మొదలైన తేదీకే మొత్తం హాజరు పడేలా రోజు సరిహద్దు మార్చమనండి. ఓవర్‌టైం ఉండి 8 దాకా ఆగినవాళ్లనీ చూసుకోండి.

సమస్య: ఇంక్రిమెంట్ పడగానే ఈఎస్‌ఐ ఆగిపోయింది. జీతం 21,000 దాటినా ఆ కాంట్రిబ్యూషన్ కాలం (ఆరు నెలల చందా గడువు) పూర్తయ్యేదాకా కట్టాలి. జూలైలో దాటితే సెప్టెంబరు వరకు, నవంబరులో దాటితే మార్చి వరకు. పీఎఫ్ తేడా అయితే, ఆ మనిషికి 15,000 మీద 1,800 కోస్తున్నారా, పూర్తి బేసిక్ మీదా అన్నది ఉద్యోగి మాస్టర్‌లో (సాఫ్ట్‌వేర్‌లో ఆ ఉద్యోగి వివరాలుండే పేజీలో) చూడండి. చాలావరకు అక్కడే దొరుకుతుంది.

తుఫాను సెలవు కూడా ముందే కోడ్‌గా పెట్టించుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. రోడ్లు మూసుకుపోయిన రోజులకి జీతం ఇవ్వాలని యాజమాన్యం అనుకున్నా, ఆ కోడ్ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఎల్‌ఓపీ కోసేస్తుంది.

ఇక పంచింగ్ మెషీన్ గడియారం తప్పడం, పైసల రౌండింగ్, సర్వర్ సగంలో ఆగడం లాంటివి అరుదు. వాటికి వెండార్‌కి టికెట్ పెట్టేసి, మీరు ఆ ఫిబ్రవరి షీట్ తెరవండి.