తేమ కాలం రాకముందే ఫ్లీల పని పట్టండి

మీ కుక్క మాటిమాటికీ వెనక్కి తిరిగి తోక మొదట్లో పళ్లతో కొరుక్కుంటోందా? పిల్లి ఉన్నట్టుండి ఉలిక్కిపడి లేచి ఒళ్లు నాక్కుంటోందా? అయితే ఒక చిన్న పరీక్ష ఇవాళే చేయండి. తెల్లటి టిష్యూ కాగితం తడిపి నేల మీద పరచండి. దాని మీద కుక్కనో పిల్లినో నిలబెట్టి, బాగా సన్నటి పళ్లున్న దువ్వెనతో నడుము నుంచి తోక దాకా దువ్వండి. మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు రాలతాయి. ఒక్క నిమిషం ఆగి చూడండి. నలుసు చుట్టూ ఇటుక రంగు మరక పాకితే అది మట్టి కాదు. జంతువుల రక్తం తాగి బతికే ఫ్లీ అనే చిన్న పురుగు తాగిన రక్తమే అలా రెట్టగా బయటికి వచ్చింది.

చాలామంది వీటిని పిడుదులనుకుంటారు. పిడుదు చర్మాన్ని కరిచిపట్టుకుని కదలకుండా ఉంటుంది. ఫ్లీ అలా కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, ముదురు గోధుమ రంగు, పక్కల నుంచి నొక్కేసినట్టు పల్చటి ఒళ్లు. రెక్కలు ఉండవు, కానీ పట్టుకోబోతే గెంతేస్తుంది. కుక్కల మీద కూడా ఎక్కువగా కనిపించేది పిల్లి ఫ్లీ అనే రకమే. కాబట్టి కుక్కకు పట్టినవి పిల్లికి పట్టవులే అనుకోకండి.

గాలిలో తేమ పెరిగి, వేడి 21 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే వీటికి పండగే. ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు వెంట్రుకలకు అతుక్కోవు. పెంపుడు జంతువు ఎక్కడ పడుకుంటే అక్కడ, పరుపు మీద, సోఫా సందుల్లో జారిపోతాయి. అంటే ఒంటి మీద మీకు కనిపించేవి మొత్తంలో చాలా కొద్ది భాగమే. మిగతావన్నీ గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూళ్లలో ప్యూపాలుగా (పిల్ల పురుగు పెద్ద ఫ్లీగా మారే దశ) ఇంట్లోనే ఉంటాయి.

ఇది నాకు అర్థమైంది ఒక సెలవుల తర్వాత. కుక్కను కూడా వెంట తీసుకుని, రెండు వారాలు ఇంటికి తాళం వేసి వెళ్లాం. తిరిగొచ్చి హాల్లో నాలుగడుగులు వేశానో లేదో, తెల్ల సాక్సుల మీద నల్లటి చుక్కలు గెంతుతున్నాయి. ఖాళీ ఇంట్లో ఇన్ని ఎక్కడివని ఎంత టెన్షన్ పడ్డానో. ప్యూపా తన గూడులో నెలల తరబడి ఆగి ఉండగలదట. అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే చాలు, ఆకలితో బయటికి దూకుతుంది. పురుగుమందులు కూడా ఆ గూడులోకి సరిగ్గా దిగవు.

అందుకే పని ఇంటితో మొదలుపెట్టండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే సోఫా కింద, మంచం కింద, గోడ మూలల్లో రోజూ తిప్పండి. ఫ్లీ పిల్ల పురుగులు వెలుతురు గిట్టక లోపలి సందుల్లోకి పోతాయి కాబట్టి మధ్య గది మెరిస్తే లాభం లేదు. క్లీనర్ అదురుకు ప్యూపాలు కూడా బయటికి వస్తాయి, అది మనకు మంచిదే. పోగైన చెత్తను వెంటనే కవర్లో మూటకట్టి ఇంటి బయట పడేయండి. పడక గుడ్డలను దులపకండి, గుడ్లన్నీ గదంతా చిందుతాయి. నాలుగు మూలలూ లోపలికి మడిచి ఉండచుట్టి తీసుకెళ్లి, 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి, బాగా ఆరబెట్టండి. వారానికోసారి తప్పదు.

ఇంటి వైద్యాల్లో నేను నమ్మేవి రెండే, దువ్వెన, సబ్బు నురగ. దువ్విన ప్రతిసారీ దువ్వెనను సబ్బు నీళ్లలో ముంచండి. వట్టి నీళ్లలో అయితే ఫ్లీలు తేలి మళ్లీ గెంతేస్తాయి. స్నానం చేయించేటప్పుడు ముందు మెడ చుట్టూ దట్టంగా నురగ పట్టించండి. లేకపోతే ఒళ్లు తడిసేసరికి అన్నీ తల మీదికి, చెవుల్లోకి పరుగెడతాయి. పెంపుడు జంతువుల షాంపూతో ఐదు నుంచి పది నిమిషాలు నురగ ఉంచి కడగండి. దీంతో ఒంటి మీదవి చస్తాయి కానీ, రేపు కొత్తవి ఎక్కకుండా ఆగవు. నీళ్లంటే హడలిపోయే పిల్లికి దువ్వెనే నయం.

ఇక చేయకూడనివి. దయచేసి ఇక్కడ నిదానంగా చదవండి. టీ ట్రీ నూనె, లవంగ నూనె, నిమ్మజాతి నూనెల వంటి గాఢమైన నూనెలు జంతువుల ఒంటికి రాయకండి. ముఖ్యంగా పిల్లి కాలేయం వీటిని విరిచి బయటికి పంపలేదు. పైగా రాసినదంతా నాకేస్తుంది. వేపనూనె కూడా పిల్లులకు పడదు. వెల్లుల్లి తినిపిస్తే రక్తం చేదై ఫ్లీలు పోతాయని ఎవరైనా చెబితే వినకండి. వెల్లుల్లి, ఉల్లి కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. కిరోసిన్, ఫినాయిల్, కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు విషాలు. వెనిగర్ ఫ్లీలను చంపదు, గోకి గోకి పుండైన చోట మండుతుంది.

అన్నిటికంటే ప్రమాదం, కుక్క మందు పిల్లికి వేయడం. కుక్కల ఫ్లీ మందుల్లో కొన్నిట్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. అది పిల్లి ప్రాణం తీయగలదు. ఒళ్లు వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. పొరపాటున పడితే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు కడిగే సబ్బుతో కడిగి, ఆ ప్యాకెట్ పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తండి. ఆ మందు వేసిన కుక్కను కూడా పిల్లికి దూరంగా ఉంచండి.

మందు డాక్టర్‌ని అడిగే తీసుకోండి. ముందు బరువు తూచండి, పెద్ద కుక్క డోసును రెండు చిన్నవాటికి పంచకండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి, ఎందుకంటే కొన్ని కొత్త మాత్రలతో ఫిట్స్ రావచ్చు. కుందేలు ఉంటే అదీ చెప్పండి, కుక్కలకు వాడే ఫిప్రోనిల్ అనే ఫ్లీ మందు దానికి విషం. మెడ మీద వేసే చుక్కల మందైతే ముందూ వెనకా రెండు రోజులు స్నానం వద్దు. ఇంట్లో ఎన్ని జంతువులుంటే అన్నిటికీ ఒకేసారి, దేనికి తగిన మందు దానికి వేయాలి.

పిల్లికూనల, కుక్కపిల్లల పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లబడితే రక్తం తగ్గినట్టే, ఒక్క రోజు కూడా ఆగకండి. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే ఫ్లీని మింగడం వల్ల బద్దెపురుగు పట్టి ఉంటుంది, దానికి వేరే మందు ఉంది.

మందు వేసిన రెండో వారంలో మళ్లీ ఫ్లీలు కనిపిస్తాయి. మందు పనిచేయలేదని కంగారుపడి ఇంకో డోసు వేయకండి. అవి గూళ్లలోంచి ఇప్పుడే బయటికి వచ్చినవి. మందు, ఉతుకు, ఊడ్పు కనీసం మూడు నెలలు ఆపకుండా సాగించండి. వారానికోసారి ఆ తడి టిష్యూ పరీక్ష చేసి, ఎన్ని మరకలు వచ్చాయో కేలండర్ మీద రాసుకోండి.