సీలింగ్‌కు చెమ్మ, ప్రహరీ జరుగుడు: గొడవకు దిగే ముందు చూసుకోవాల్సినవి

సమస్య 1: బాత్రూమ్ సీలింగ్‌కు చెమ్మ, పొరలుగా రాలుతున్న పెయింటు

మరక కనబడగానే పై ఫ్లాటు వాళ్లతో మాట పెంచుకోకండి. దాని అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి, తేదీ వేసి, ఫొటో తీయండి. తడి ఎప్పుడు పెరుగుతోందో చూస్తే కారణం సగం దొరికినట్టే.

పైన ఎవరూ లేకపోయినా చుక్క ఆగడం లేదంటే గోడలోపలి సప్లై పైపును అనుమానించాలి. ఆ లైను గేట్‌వాల్వ్‌ను ఒక రోజు కట్టేయించండి. చుక్క ఆగితే లీకు అక్కడే. పైవాళ్లు స్నానం చేసిన కాసేపటికి తడి ముదిరితే లోపం నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) దగ్గరో, టైల్స్ సందుల్లోనో ఉంటుంది. వానాకాలంలోనే వస్తుంటే బయటి గోడ పగుళ్లు చూసుకోవాలి. అందులో పైవాళ్ల తప్పేమీ లేదు.

ట్రాపో, నేలో తేల్చాలంటే నహానీ నోరు గుడ్డతో బిగించి, రంగు కలిపిన నీళ్లు అంగుళం ఎత్తున 24 గంటలు నిలపాలి. ఆ లోపే కింద రంగు దిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు. దిగకపోతే గుడ్డ తీసి ఒక్కసారిగా వదలండి. అప్పుడు కారితే కింద పైపు జాయింటు పోయింది.

సందులే పోయి ఉంటే పాత గ్రౌట్ (టైల్స్ మధ్య నింపే పూత) గీకి తీసి ఎపాక్సీ గ్రౌట్ నింపితే చాలు. వైట్ సిమెంటు రుద్దితే మళ్లీ పగులుతుంది. నేలే పోతే టైల్స్ లేపక తప్పదు: ట్రాప్ చుట్టూ నాన్‌ష్రింక్ గ్రౌట్, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి రెండు వాటర్‌ప్రూఫ్ కోట్లు, గోడమీదికి కనీసం అడుగు ఎత్తు. ఆరాక 48 గంటలు నీళ్లు నిలిపి చూశాకే కొత్త టైల్స్. కింది సీలింగ్‌కు పెయింటేసి ఊరుకోవడం మాత్రం ప్రమాదం. స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడుతుంది.

ఖర్చు మాటకొస్తే, ఫ్లాటు లోపలిది ఆ ఓనరు, ఉమ్మడి డక్ట్ (అన్ని అంతస్తుల పైపులు దిగే సందు) పైపైతే అసోసియేషన్ పెట్టుకోవడం న్యాయం. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కిందికి వచ్చే ప్రాజెక్టై, ఫ్లాటు స్వాధీనమై ఐదేళ్లు దాటకపోతే ముందు బిల్డర్‌ను రాతపూర్వకంగా అడగండి. 2016 రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం నిర్మాణ, పనితనం లోపాలను 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సింది ఆయనే.

సమస్య 2: పక్కింటి కొత్త ప్రహరీ మన స్థలంలోకి వచ్చిందన్న అనుమానం

'అడుగే కదా' అని వదిలేయకండి. 60 అడుగుల పొడవున ఒక్క అడుగు పోతే ఆరున్నర గజాలకు పైనే పోయినట్టు. ఇద్దరి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), లేఅవుట్ కాపీ పక్కపక్కన పెట్టి, లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో రోడ్డు వైపు నుంచి, ఇద్దరి ఎదుటా కొలిపించండి. మీ ఒక్క ప్లాటునే కొలిస్తే తేలదు. వరసలో మొదటి ప్లాటు రెండడుగులు ఎక్కువ తీసుకున్నా, ఆ కొరత చివరివాళ్ల నెత్తిన పడుతుంది. సర్వే నంబరు భూమైతే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దులు కొలిచి చూపమని అడిగేది) పెట్టాలి. కొలతకు ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), తెలంగాణలో టిప్పన్ (పాత సర్వే కొలతల పటం) ఆధారం.

గోడ పునాదిలో ఉండగానే ఫొటోలతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టప్రకారం కాకుండా స్వాధీనం తప్పించారని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేయడానికి ఉండేది ఆరు నెలలే. హక్కు పత్రాల మీద వేసే దావాకు 12 ఏళ్ల గడువున్నా, ఆలస్యమైనకొద్దీ సాక్ష్యం చెదిరిపోతుంది.

మాటలతో తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోరే) దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజుండదు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. ఎదుటివారు ఒప్పుకోకపోతే సివిల్ కోర్టుకెళ్లి, కట్టడం ఆపమని ఇంజంక్షన్, కొలతలకు అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించే లాయరు) రెండూ ఒకేసారి అడగండి.