పత్తికి మందు కొట్టేటప్పుడు విషం ఒంటికి ఎక్కకుండా ఎలా చూసుకోవాలి?

మందు కొట్టేవాళ్లలో చాలామంది ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు, కాళ్లకు చెప్పులు కూడా వేసుకోరు. కానీ చేలో విషం ఎక్కువగా ఎక్కేది చర్మం గుండానే. చెమట పట్టిన ఒంటికి ఇంకా తొందరగా ఎక్కుతుంది.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు పురుగు నరాలను ఎలా దెబ్బతీస్తాయో మన నరాలనూ అలాగే దెబ్బతీస్తాయి. నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను, పని అయ్యాక ఒక ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. మందు ఆ ఎంజైమ్‌ను కట్టేస్తుంది. దాంతో కబురు ఆగకుండా వెళ్తూనే ఉంటుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి దాదాపు 20 మంది చనిపోయారు.

1. ముందు లేబుల్ చూడండి. ఎరుపు గుర్తు ఉంటే అత్యంత విషం. ఆ తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు.

2. ట్యాంకులో మంచినీళ్లు పోసి, ఎక్కడైనా కారుతోందేమో చూడండి. కారే ట్యాంకు వీపున వేసుకుంటే చొక్కా తడిసి, ఆ తడి గంటల తరబడి ఒంటికి అంటుకునే ఉంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

3. మందు కలిపేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, ఎందుకంటే డబ్బాలో ఉన్నది చిక్కటి మందు. కర్రతోనే కలపండి, చెయ్యి పెట్టొద్దు.

4. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, మాస్క్ వేసుకోండి. మిట్టమధ్యాహ్నం ఇవన్నీ వేసుకుని పని చేయడం కష్టమే. అందుకే ఎండ తగ్గాక, సాయంత్రం కొట్టండి. అప్పటికి తేనెటీగలు కూడా పూల మీద ఉండవు. గాలికి ఎదురుగా నడవొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు.

5. పని అవ్వగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ట్యాంకు కడిగిన నీళ్లు చెరువులో, కాలువలో పోయొద్దు, చేపలు చస్తాయి.

6. ఖాళీ డబ్బాకు చిల్లులు పెట్టండి, ఇంట్లో దేనికీ వాడొద్దు. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. ఆ నూనె పాత మందు డబ్బాలో పోసి ఉంచినదై ఉంటుందని అధికారులు అనుమానించారు.

చొంగ కారడం, ఒళ్లంతా చెమట, కడుపులో నొప్పి, చూపు మసకబారడం, కండరాలు అదరడం, ఆయాసం... వీటిలో ఏది కనిపించినా పని ఆపేయండి. తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయండి. మజ్జిగ తాగించడం, వేలు పెట్టి కక్కించడం లాంటివి చేయొద్దు. మందు డబ్బాను లేదా లేబుల్ ఫొటోను ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది ఆర్గానోఫాస్ఫేట్ (మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ ఈ రకం మందులే) అని తెలిస్తే డాక్టర్లు వెంటనే అట్రోపిన్ అనే విరుగుడు మొదలుపెడతారు. అదే పారాక్వాట్ అనే కలుపు మందు అయితే విరుగుడే లేదు, చికిత్స వేరేగా ఉంటుంది.