"సెట్" అర్థాలు బట్టీ పట్టకండి, పక్క మాట చూడండి

ఇంగ్లిష్‌లో "సెట్" లాంటి చిన్న మాటలకు అర్థాల జాబితా రాసుకుని బట్టీ పడుతుంటే దయచేసి ఆపేయండి, అది అయ్యే పని కాదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఈ ఒక్క క్రియకే 430 దాకా అర్థాలున్నాయి మరి!

పక్కన ఏ మాట ఉందో చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది. టేబుల్ ఉంటే కంచాలు, గ్లాసులు సర్దడం, అలారం ఉంటే పెట్టడం, సూర్యుడైతే అస్తమించడం, సిమెంట్ అయితే గట్టిపడడం. వెనక వచ్చే బుల్లి మాటల్ని మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు: సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం, సెట్ అప్ అంటే ఏర్పాటు చేయడం, సెట్ ఇన్ అంటే చలో వానో మొదలై ఇక వదలకపోవడం, అన్నిట్లో ఉన్నది అదే సెట్, తేడా అంతా తోకలోనే.

పర్యాయపదాలకూ ఇదే లెక్క. సిమెంట్‌కి హార్డెన్, తేదీకి ఫిక్స్, కొత్త సంస్థకి ఎస్టాబ్లిష్ సరిపోతాయి, ఒకదాని చోట ఇంకోటి పెడితే వాక్యం చెడిపోతుంది. అందుకే నోట్‌బుక్‌లో ఒంటరి మాట రాయకుండా "సెట్ ఎ డేట్" అని జంటగా రాసి, ఎదురుగా "ఫిక్స్ ఎ డేట్" అని పర్యాయపదాన్ని కూడా అదే జోడీతో రాసుకోండి.