పాత స్టాంపుల వేలం, 4వ పాఠం: సర్టిఫికెట్ లేని లాట్‌లో చెయ్యి ఎక్కడ పడింది?

పోయిన పాఠంలో పర్ఫరేషన్ గేజ్‌తో పళ్ళు (స్టాంపులు విడదీయడానికి అంచున పెట్టే రంధ్రాల వరసలో మిగిలే కొసలు) కొలవడం, వాటర్‌మార్క్ (కాగితంలో దాగిన గుర్తు) చూడటం నేర్చుకున్నాం. చవక స్టాంపుల మీద అది సాధన చెయ్యకపోతే ఈ పాఠం ఇక్కడే ఆపి, అది పూర్తి చేసుకుని రండి. ఈసారి మన ముందుకొచ్చేవి గేజ్ కొలతకి సరిగ్గా సరిపోయే స్టాంపులు, అదీ నిపుణులు పరీక్షించి రాసిచ్చే సర్టిఫికెట్ లేకుండా వేలంలో లాట్‌గా (ఒకే పాటకి పెట్టిన సరుకుగా) వచ్చేవి. ముంచేవి అవే.

నకిలీ వేరు, మార్చిన స్టాంపు వేరు. నకిలీని మొత్తం ఎవడో కొత్తగా అచ్చు వేస్తాడు, డిజైన్ బాగా తెలిసినవాళ్ళు చాలావరకు పట్టేస్తారు. మార్చిన దాంట్లో కాగితం అసలుది, రంగు అసలుది, అచ్చు కూడా అసలుదే. ఒక్కచోట మాత్రం ఎవరో చెయ్యి పెట్టి ఉంటారు. కాబట్టి "ఇది అసలుదా?" అని అడిగితే "అవును" అనే జవాబు వస్తుంది, మనం మోసపోతాం. అడగాల్సింది ఇంకోటి: ఇదే స్టాంపుకి ఖరీదైన రూపం ఏది, చవక రూపం ఏది, ఒకదాన్ని ఇంకోదానిలా మార్చాలంటే ఎక్కడ ముట్టుకోవాలి? భూతద్దం అక్కడ పెట్టండి.

మొదట జిగురు, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. పాతకాలం వాళ్ళు స్టాంపుని హింజ్ అనే చిన్న కాగితం ముక్కతో ఆల్బంలో అంటించేవాళ్ళు. అందరూ చేసే పనే, తప్పని ఎవరూ అనుకోలేదు. దాంతో 19వ శతాబ్దపు స్టాంపు వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉండటం అరుదైపోయింది, అలాంటి దానికి ధర కొన్ని రెట్లు పెరిగింది. ఇంకేముంది, పాత జిగురు కడిగి కొత్తది పూసే పని మొదలైంది. నేను కొన్న లాట్ వివరణలో "ఫుల్ గమ్" అని ఉంది. నేను దాన్ని "ఒరిజినల్ గమ్" అని చదువుకున్నాను. వాళ్ళు అబద్ధం రాయలేదు, వెనక నిండా జిగురు ఉన్న మాట నిజమే. అది ఎప్పటి జిగురో రాయలేదు, అంతే. స్టాంపు చేతికొచ్చాక పళ్ళ మీద వేలు రాస్తే గుచ్చుకుంది. అప్పుడు వెలిగింది.

గుచ్చుకోవడం దేనికి? అప్పట్లో షీట్ అచ్చు వేసి, జిగురు పూసి, ఆరాక పర్ఫరేషన్ చేసేవాళ్ళు. స్టాంపుని చింపి విడదీసినప్పుడు పళ్ళ కొసల్లో కాగితం పీచు తెల్లగా, మెత్తగా బయటికి వస్తుంది. ఆ పీచుకి జిగురు తగలదు, పూత అప్పటికే ఆరిపోయింది కాబట్టి. విడి స్టాంపుకి తర్వాత జిగురు పూస్తే తడి పీచులోకి ఇంకి, ఆరాక కొసలు గట్టిపడతాయి. పదిరెట్ల భూతద్దంలో పీచు ఒకదానికొకటి అతుక్కుపోయి కనిపిస్తుంది. వేలికి తెలియకపోతే పళ్ళని పెదవి మీద మెల్లగా ఆనించి చూడండి (చూసేవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి).

కొత్త జిగురు కింద వేరే రహస్యం కూడా ఉండొచ్చు. హింజ్ పీకినప్పుడు కాగితం పొర లేచిపోయి పలచబడిన చోటు, ఇస్త్రీ చేసి అణిచేసిన మడత, అతికించిన చిరుగు లాంటివి. నల్ల ట్రేలో వాటర్‌మార్క్ ద్రవం పోసి స్టాంపు వేస్తే పలచటి చోటు ముదురు మచ్చలా, మడత గీతలా తేలుతుంది.

ఇక అంచులు. షీట్ అంచున ఉన్న స్టాంపుకి కొన్ని ముద్రణల్లో ఒక పక్క పళ్ళే ఉండవు. కొనేవాళ్ళు దాన్ని తక్కువగా చూస్తారు, అందుకని ఆ పక్కకి కొత్తగా పళ్ళు పెడతారు. పట్టుకోవడానికి ఎదురుగా ఉన్న పక్కతో పోల్చండి. రంధ్రాల సైజు ఒకటేనా? రెండు వరసలూ సమాంతరంగా ఉన్నాయా? కొసల్లో పీచు చిరిగినట్టుందా, కోసినట్టు నున్నగా ఉందా? నాలుగు పక్కల్లో ఒకటి మరీ అందంగా ఉంటే నాకు అనుమానం మొదలవుతుంది.

కత్తెర పని దీనికి తిరగేసింది. 1908 నుంచి 1922 దాకా వచ్చిన అమెరికా వాషింగ్టన్-ఫ్రాంక్లిన్ స్టాంపుల్లో దాదాపు ఒకే డిజైన్ 12, 11, 10 పర్ఫరేషన్లతోనూ (రెండు సెంటీమీటర్లకి ఎన్ని రంధ్రాలో ఆ లెక్క), పళ్ళు లేకుండానూ, చుట్టలుగా అమ్మే కాయిల్ రూపంలోనూ వచ్చింది. కాయిల్‌కి ఎదురెదురుగా ఉన్న రెండు పక్కలే పళ్ళు. మామూలు దాన్ని రెండు పక్కలా కత్తిరిస్తే కాయిల్, నాలుగు పక్కలా కత్తిరిస్తే పళ్ళు లేనిది! అదే ముద్రణలో చవక స్టాంపుని దాని కింద పెట్టి వెడల్పు, ఎత్తు చూడండి, కత్తిరించినది సాధారణంగా చిన్నబడి ఉంటుంది. పళ్ళు లేనిదైతే విడి స్టాంపు కాకుండా విడదీయని జత దొరికితేనే కొనమని పాతవాళ్ళు చెప్పేది ఇందుకే. రెండిటి మధ్య పళ్ళు లేని ఖాళీని ఏ కత్తెరా పుట్టించలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ బ్రిటన్ పెన్నీ రెడ్, విక్టోరియా రాణి తల ఉన్న ఎర్రటి ఒక పెన్నీ స్టాంపు. 1864 నుంచి వచ్చిన వాటిలో రాణి తలకి రెండు పక్కలా ఉన్న సన్నటి అల్లికలో ప్లేటు (అచ్చు వేసిన పలక) నంబరు దాగి ఉంటుంది. 77వ ప్లేటు సరిగా కుదరలేదని పక్కన పెట్టేశారు, అయినా కొన్ని స్టాంపులు ఎలాగో బయటపడ్డాయి. ఇప్పుడు తెలిసినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. 177వ ప్లేటువి మాత్రం కుప్పలు. ముందున్న 1 గోకేస్తే సరి, చవక స్టాంపు సంపద అయిపోతుంది. దీపాన్ని స్టాంపుకి బాగా పక్కగా, దాదాపు అదే మట్టంలో, వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టి చూడండి. గోకిన చోట కాగితం నూగు లేచి నీడ పడుతుంది. పక్కనే 76, 78 ప్లేట్ల స్టాంపులు పెట్టుకుంటే ఇంకా తేలిక. వాటిలో అంకెలు కూర్చున్న చోటుకి, మీ 77 కూర్చున్న చోటుకి తేడా ఉంటే కథ అర్థమైనట్టే. అల్లికలో ఒక దారం తెగినా వదలకండి.

తపాలా ముద్రల సంగతి క్లుప్తంగా చెప్తాను, దానికి వేరే పాఠం ఉంది. వాడినట్టు గుర్తుగా ముద్రకి బదులు పెన్నుతో కొట్టేసిన గీతల్ని రసాయనంతో కడిగి వాడనిదిగా అమ్ముతారు. అతినీలలోహిత దీపం కింద ఆ గీతలు చాలాసార్లు దెయ్యంలా తిరిగొస్తాయి. వాడినదానికే ధర ఎక్కువైతే ఇదే ఆట తిరగబడుతుంది. 1923 నాటి జర్మనీ ద్రవ్యోల్బణం స్టాంపులకి దొంగ ముద్రలు అలా పడ్డవే.

దీపాలూ ద్రవాలూ ఉన్నాయని ధీమా మరీ వద్దు. స్పెరాటి (1884–1957) అనే దొంగ స్టాంపుల ఘనుడు, ఖరీదైన స్టాంపు కాలానికే చెందిన చవక స్టాంపు మీద అచ్చుని మాత్రమే రసాయనంతో చెరిపేసి, తపాలా ముద్రని అలాగే ఉంచి, ఖరీదైన డిజైన్ అచ్చు వేసేవాడు. కాగితం, వాటర్‌మార్క్, పళ్ళు, ముద్ర అన్నీ అసలువే. నిపుణులే బోల్తా పడ్డారు. 1954లో బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ అతని సరుకంతా కొనేసింది.

మరి సర్టిఫికెట్ లేని లాట్ వదిలేయాలా? అక్కర్లేదు. చవక స్టాంపుకైతే పరీక్ష ఫీజే దాని ధరని మించిపోతుంది కాబట్టి సర్టిఫికెట్ లేకపోవడం మామూలే. ఖరీదైనది, చాలా చేతులు మారినది ఎప్పుడూ పరీక్షకి వెళ్ళలేదంటే మాత్రం కాస్త ఆగండి. ఏ ఇంటి అటక మీదో ఉండిపోయి ఉండొచ్చు. లేదా ఒకసారి వెళ్ళి చెడ్డ మాటతో తిరిగొస్తే, ఆ కాగితాన్ని ఎవరో చించేసి ఉండొచ్చు.

పాట మొదలవక ముందే వెనకవైపు పెద్ద స్కాన్ అడగండి. పరీక్షకి పంపి, ఫలితం బాగోకపోతే వాపసు ఇచ్చే వీలు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. దీన్నే "ఎక్స్‌టెన్షన్" అంటారు, చాలా వేలం సంస్థలు ముందే అడగాలని షరతు పెడతాయి. రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లండన్, న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్ వంటి ఏ నిపుణుల మాట ఒప్పుకుంటారో కూడా అప్పుడే తేల్చుకోండి. గుత్తగా అమ్మే కలగలుపు లాట్లకి వాపసు సాధారణంగా ఉండదు. ఎక్స్‌టెన్షన్ కుదరదంటే నేను వేసుకునే లెక్క ఒకటే: దీన్ని జిగురు మార్చిన, పళ్ళు మార్చిన స్టాంపు అనుకుంటే ఎంత పెడతాను? నా పాట అంతే. వేలం సంస్థ కమీషన్ కూడా అందులోనే. ఎక్కువసార్లు నాకు లాట్ దక్కదు, ఫర్వాలేదు.

వచ్చే పాఠానికి పని: వాడని చవక స్టాంపులు రెండు తీసుకోండి. ఒకదాని జిగురు గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, ఆరాక మామూలు జిగురు పలచగా పూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున కళ్ళు మూసుకుని రెండిటి పళ్ళ మీదా వేలు రాసి, ఏది ఏదో చెప్పండి. పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా వచ్చేదాకా చెయ్యండి. అయ్యాక మీరు జిగురు పూసినదాన్ని చించేయండి, అది ఇంకెవరి ఆల్బంలోకీ వెళ్ళకూడదు.