రోజువారీ బతుకులో దేవుని యందు భయభక్తులు ఎలా అలవర్చుకోవాలి?

మన తెలుగు బైబిల్ ఈ రెండు మాటల్నీ జంటగా కట్టింది: భయభక్తులు. మన ఆరాధనల్లో భక్తికి లోటు లేదు. పాటలున్నాయి, చప్పట్లున్నాయి, సాక్ష్యాలున్నాయి. భయమే పలచబడిందని నాకు అనిపిస్తుంది. ఇక్కడ భయమంటే పోలీసును చూసి పక్కసందులోకి తప్పుకునే బెదురు కాదు. ఎవరి ఎదుట ఉన్నామో తెలిసి ఒళ్లు దగ్గర పెట్టుకోవడం.

మొదటి మెట్టు: నోరు తెరిచే ముందు ఆగండి

మోకరించగానే అడగడం మొదలుపెట్టకండి. ఫోన్ పక్కగదిలో పెట్టి రెండు నిమిషాలు ఊరికే ఉండండి. దేవుడు ఆకాశంలో ఉన్నాడు, నువ్వు భూమి మీద ఉన్నావు, కాబట్టి నీ మాటలు కొద్దిగా ఉండాలి అంటుంది ప్రసంగి 5:2. మొదట్లో కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు బుర్రలో తిరుగుతాయి. టెన్షన్ పడకండి, మళ్లీ మౌనంలోకి రండి. ‘ప్రభువా’ అన్న పిలుపును ఊతపదం చేసుకోకండి. పిలిచిన ప్రతిసారీ ఎవరిని పిలుస్తున్నారో తలుచుకోండి.

రెండో మెట్టు: బయటకు వెళ్లి చూడండి

శ్రీకాకుళం వాళ్లకు ఇది సులువు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి ఒక రోజు తెల్లవారుజామున వెళ్లండి. సెల్ఫీలు వద్దు. అలల హోరు వింటూ మార్కు 4:35-41 చదవండి. యేసుతో ఆ పడవలో ఉన్న శిష్యుల్లో జాలర్లూ ఉన్నారు, వాళ్లకు నీళ్లు కొత్త కాదు. తుఫాను లేచినప్పుడు చచ్చిపోతామని కేకలు పెట్టారు. కానీ యేసు గద్దించగానే గాలి ఆగి అంతా నిమ్మళించాక వాళ్లు మరింత భయపడి, ‘ఈయన ఎవరో’ అనుకున్నారు. గండం గడిచాక పుట్టిన ఆ భయమే మనం నేర్చుకోవాల్సింది.

ఒక్క జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి విపత్తును చూపించి ‘ఇది ఫలానావాళ్ల పాపానికి శిక్ష’ అనడం భయభక్తి కాదు. యెరూషలేములో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకోవద్దని యేసు ప్రభువే చెప్పాడు. చెట్టు పోగొట్టుకున్నవాడి పక్కన కూర్చోండి, చాలు.

మూడో మెట్టు: కాటా దగ్గర

నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. లేవీయకాండము 19:14 చెవిటివాణ్ణి తిట్టొద్దనీ, గుడ్డివాడి దారిలో అడ్డం వేయొద్దనీ చెప్పి, వెంటనే నీ దేవునికి భయపడమంటుంది. ఎందుకు? చెవిటివాడికి తిట్టు వినబడదు. అడ్డం వేసిందెవరో గుడ్డివాడికి తెలియదు. తెలిసినవాడు దేవుడొక్కడే. అదే అధ్యాయం చివర్లో న్యాయమైన త్రాసు మాట వస్తుంది.

కాబట్టి మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేని చోటు ఒకటి ఎంచుకోండి. జీడిపిక్కలు కొంటుంటే కాటా. చదువురాని కూలీకి డబ్బులిస్తుంటే లెక్క. ఆఫీసులో అయితే సంతకం పెట్టే టైము. వారమంతా ఆ ఒక్కదాన్నే పట్టుకుని, ఆ పనికి ముందు ‘నువ్వు చూస్తున్నావు ప్రభువా’ అని మనసులో అనుకోండి. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ నిలవదు.

నాలుగో మెట్టు: పడుకునే ముందు

ప్రభువు దగ్గర క్షమాపణ దొరుకుతుంది, అందుకే జనం ఆయన యందు భయభక్తులు నిలుపుతారు అంటుంది కీర్తన 130:4. దెబ్బలకు బెదిరినవాడు దాక్కుంటాడు. క్షమాపణ పొందినవాడు దగ్గరకొస్తాడు, తల వంచుకునే వస్తాడు. అందుకే పిల్లలతో ‘కళ్లు పోతాయి’ అనకండి. వాళ్ల ఎదుటే మీ తప్పు ఒప్పుకుని ప్రార్థన చేయండి.

ఆ రోజు ఎవరికైనా తక్కువ తూచినట్టు గుర్తొస్తే, వాళ్లకు ఇవ్వాల్సింది ఎంతో కాగితం మీద రాసి పెట్టుకోండి. తెల్లారగానే వాళ్లింటికి వెళ్లి ఇచ్చి రండి.